నిజంగా మోగించాలా?

ఫోన్లో అంకె పదిహేడు నుంచి పంతొమ్మిదికి ఎక్కింది. వెనక సీట్లో రమణమూర్తి గారు మెడ తుడుచుకుంటూ మీ ఊళ్లో ఏసీ కార్లో కూడా ఉక్కపోతేనండీ అంటున్నారు, ఆశ అవునండీ సముద్రం కదండీ అంది, అని మళ్లీ ఫోను వైపు చూసింది, పంతొమ్మిదే, అక్కడే ఆగుతుందేమో, నిన్న కూడా ఎక్కి దిగిపోయింది కదా, మొన్న కూడా. కారు ఇంకా మల్కాపురం దాటలేదు. ముందు బొగ్గు లారీలు, వెనక బొగ్గు లారీలు, పక్కన రిఫైనరీ గోడ, గోడ మీంచి కనబడే గొట్టం కొసన పట్టపగలు మంట. దుర్గారావు బాబాయ్ స్టీరింగు వదిలేసి కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. "ఏదో లారీ అడ్డంగా పడిపోనాదమ్మా, ఇప్పట్లో కదల్దు" అన్నాడు. రమణమూర్తి గారు ఫరవాలేదులెండి అన్నారు. ఆయనకేం, హైదరాబాదు నుంచి రైలు దిగి వచ్చిన మనిషి, విదేశాల్లో మన రొయ్యలు కొనే కంపెనీ తరఫున ప్లాంటు చూసి బాగుందంటే ఆర్డరు వస్తుంది, బాగులేదంటే ఆయన సాయంత్రం రైలెక్కి వెళ్లిపోతారు, ఇక్కడ రెండో షిఫ్టు ఎత్తేస్తారు. ఇరవై.

ఆ అంకె ఆటోనగర్ అవతల ఉన్న ప్లాంటులో కంప్రెసర్ గది గాలిది. రొయ్యల్ని గడ్డకట్టించాలంటే చలి కావాలి, చలికి అమోనియా కావాలి, అమోనియా గొట్టాల్లో ఉన్నంతసేపూ పనివాడు, బయటపడితే యముడు. గదిలో గోడకి బిగించిన సెన్సరు గాలిని వాసన చూసి అంకె పంపుతుంది, ముప్పై దాటితే ఎవరూ ముట్టుకోకుండానే సైరన్ మోగాలి. మోగదు. నిన్న సాయంత్రం నుంచీ మోగదు. మేనేజరు సాయిశంకర్ గారు ఆశ టేబులు దగ్గరికొచ్చి నిలబడి, ఎప్పుడూ రాని మనిషి, టేబులు అంచు పట్టుకుని, "ఆశా, వారం నుంచీ ఆ సెన్సరు పిచ్చికుక్కలా ఊరికే అరుస్తోంది, రేపాయన ఉండగా అరిచిందంటే మన పని అయిపోయినట్టే, ఆటో సైరన్ తీసెయ్, రీడింగు నీ ఫోనుకి వస్తుందిగా, నువ్వు చూస్తూ ఉండు" అన్నారు. నువ్వు చూస్తూ ఉండు అన్న మాట ఎంత చల్లగా అన్నారో. తను చూస్తూ ఉంటే చాలు, అన్నీ సవ్యంగా ఉన్నట్టే. తను తీసేసింది. రెండు మీటలు నొక్కింది అంతే. ఇప్పుడు ఆ సైరన్ మోగాలంటే మోగించవలసింది ఈ బొటనవేలే.

అసలు సైరన్ ఆశ పనే కాదు. ఆ మాటకొస్తే ఏది ఆమె పని? కంప్యూటర్లు చూడటానికని తీసుకున్నారు, చేరిన వారానికే ప్రింటరు, ఆ తర్వాత సీసీ కెమెరాలు, తర్వాత బోర్డు రూములో తెర, కంపెనీ వెబ్‌సైటు, ఇంటర్‌కమ్ ఫోన్లు, ఎండీ గారి అమ్మాయి పెళ్లి అమెరికా చుట్టాలకి లైవ్‌లో చూపించడం, క్యాంటీను ఫ్రిజ్ కూడా ఒకసారి. కరెంటుతో నడిచేదేదైనా ఆశనే పిలువు అనేది ఆఫీసులో సామెత అయిపోయింది. హాజరు మిషను కింద హాలులో రొయ్యలు వొలిచే ఆడవాళ్ల వేళ్లని గుర్తుపట్టేది కాదు, ఏళ్ల తరబడి మంచులో నాని, గుల్ల గీసుకుని, వేళ్ల మీద గీతలు చెరిగిపోయాయి, పని చేసినా గైర్హాజరు పడేది, తను నెలరోజులు తిరిగి ముఖం చూసే మిషను పెట్టించింది, ఆ రోజు హాలులో ఎంత నవ్వులో, నా మొకం మిసను మెచ్చినాదే అని. ఇష్టమే ఆమెకి ఈ పని. ఏదైనా మూత విప్పి చూడందే నిద్రపట్టదు, చిన్నప్పటి నుంచీ. కాలేజీలో కలిసి చదివిన యశస్విని హైదరాబాదులో ఒక్క డేటాబేసే చూస్తుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే, దాని లోతు దానికి తెలుసు, ఫోను చేసినప్పుడల్లా నువ్వొక్క దాన్ని పట్టుకోవే, అన్నీ కొంచెం కొంచెం తెలిస్తే ఎవడిస్తాడే ఉద్యోగం అంటుంది. నిజమే కావచ్చు. ఈ సెన్సరు లోతు తనకేం తెలుసు? అంకె ఎలా వస్తుందో తెలుసు, ఏ తీగలో వస్తుందో తెలుసు, ఆ అంకె అబద్ధమో నిజమో ఎలా తెలుసుకోవాలో తెలియదు. ఇరవై రెండు.

గేటు దగ్గర గురువులుకి ఫోను చేసింది. రమణమూర్తి గారికి వినపడకుండా కిటికీ వైపు తిరిగి, "గురువులన్నా, ఒకసారి కంప్రెసర్ గది దాకా వెళ్లి వాసనేమైనా వస్తోందేమో చూస్తావా" అంది. "గేటు కాడికేటీ వాసన రానేదమ్మా. నాను కదిలితే సారు తిడతారు, పెద్దాయనొస్తన్నాడు, గేటు ఒదలొద్దన్నారు." బాబీ ఎక్కడ? కంప్రెసర్లు చూసేది బాబీ, వాడి ఫోను మోగి మోగి ఆగిపోయింది, ఆ గదిలో చప్పుడుకి పక్కన పిడుగు పడ్డా వినపడదు. హాలుకి ఇంటర్‌కమ్, ఎత్తేవాళ్లు లేరు. హాలులోకి సెల్‌ఫోన్లు రానివ్వరు, అన్నీ బయట పెట్టెల్లో ఉంటాయి. సాయిశంకర్ గారికి చేస్తే కట్ చేశారు, చేసి మెసేజి పెట్టారు. అబద్ధం రీడింగే, ఏమీ ముట్టుకోకు, ఎక్కడిదాకా వచ్చారు? తను జవాబు కొట్టింది, ఎవరైనా గదిలోకి వెళ్లి చూశారా సర్? రెండు టిక్కులు నీలంగా మారాయి. చదివారు. రాస్తున్నారేమో అని చూసింది. రాయడం లేదు.

కెమెరా తెరిచింది. కంప్రెసర్ గది, తెరంతా తెల్లగా. పొగ, కాదు కాదు, ఆగు, ఆ కెమెరా అద్దానికి చెమ్మ పట్టడం మామూలే, వర్షాకాలమంతా ఇలాగే ఉంటుంది, తనే రెండుసార్లు నిచ్చెనెక్కి తుడిచింది. కానీ పొగ అయినా ఇలాగే ఉంటుంది. తెలుపు తెలుపే. ఆ తెల్లదనంలో బాబీ ఉన్నాడో, టీకి వెళ్లాడో, కిందపడి ఉన్నాడో. గ్యాసు అంటే ఈ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు, లాక్‌డౌన్ రోజుల్లో ఊరి ఆ కొసన తెల్లవారుజామున జనం రోడ్ల మీద పడిపోయిన బొమ్మలు ఇప్పటికీ ఎవరి ఫోన్లోనో ఒకరి ఫోన్లో ఉన్నాయి, ఆ పొద్దున అమ్మ తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కింది, ఎక్కడో పదిమైళ్ల దూరాన అయితే మనకేంటే అమ్మా అంటే, గాలికి మైళ్లు తెలుసునేటే అంది. లారీలు హారన్లు కొడుతున్నాయి. ఒక లారీ గజం కదిలింది, దాని వెనక గజం కదిలింది, కారు గజం కదిలింది. ఇరవై నాలుగు. "లంచ్‌కి ముందే ఫ్లోర్ చూసేస్తే బాగుంటుందండీ, నాకు షుగరు" అంటున్నారు రమణమూర్తి గారు. తప్పకుండానండీ.

నాన్న పక్కన ఉంటే ఏమనేవాడు. నాన్న పొద్దున్నే వేటకి పోయాడు, ఈపాటికి ఒడ్డు కనబడనంత దూరంలో ఉంటాడు. నాన్న అంటే జాలారిపేటలో నూకాలు, వల అల్లిక తెలుసు, ఇంజను విప్పడం తెలుసు, గాలి ఎటు తిరుగుతుందో తెలుసు, ఏ నీళ్లలో ఏ చేప ఉంటుందో తెలుసు, ఏ పనిలోనైనా నాన్న కంటే బాగా తెలిసినవాడు పేటలో ఒకడుంటాడు, అయినా ఏ పడవ వాళ్లయినా నాన్ననే పిలుస్తారు. "ఒక్క పనే వొచ్చినోడు బోటుకి బరువమ్మా" అంటాడు. ఒకసారి తనని కూడా తీసుకుపోయాడు, తనకి పదేళ్లుంటాయేమో, ఆకాశం నీలంగా అద్దంలా ఉంది, నాన్న ఉన్నట్టుండి వల సగంలో కోసేసి పడవ తిప్పేశాడు, మిగతావాళ్లు తిట్టారు, వల పోయింది, చేపలు పోయాయి, ఒడ్డుకి వచ్చారు, సాయంత్రం దాకా గాలి లేదు, వాన లేదు, ఏమీ రాలేదు. పేటంతా నవ్వింది. రాత్రి అన్నం తింటూ తను, నాన్నా తుపాను రాలేదు కదా అంటే, నాన్న ముద్ద నములుతూ రానేదు అన్నాడు, అంతే, సిగ్గుపడ్డట్టు కూడా లేడు. ఆ ముఖం ఇప్పుడెందుకు గుర్తొస్తోంది. అక్కడ పోయింది ఒక వల. ఇక్కడ పోయేది రెండో షిఫ్టు. రెండో షిఫ్టులో ఎంతమంది, వాళ్ల వెనక ఎన్ని ఇళ్లు, రేపు బస్సులో ఎవరి ముఖం చూడాలి, నీ కంప్యూటరు పిచ్చి వల్ల మా నోటికాడ కూడు పోయిందంటే ఏం చెప్పాలి.

హాలు కెమెరా తిప్పింది. పొడుగాటి స్టీలు బల్లలు, బల్లల మీద మంచు, మంచు మీద రొయ్యలు, అటూ ఇటూ తెల్ల టోపీలు తెల్ల ముసుగులు తెల్ల గౌన్లు, ఎవరు ఎవరో దేవుడికి కూడా తెలియదు. ఆశకి తెలుసు. మూడో బల్ల, గోడవైపు, ఎడమ కాలి మీద బరువంతా వేసి నిలబడ్డ మనిషి. కుడి మోకాలు నొప్పి. గంగాలమ్మ. అమ్మ. ఆమె పక్కన ఉన్నది చిట్టమ్మ పిన్ని అయి ఉంటుంది, ఎప్పుడూ పక్కపక్కనే, చేతులు ఆడుతుంటే నోళ్లు కూడా ఆడాల్సిందే. ఆఫీసులో చాలామందికి గంగాలమ్మ ఆశ తల్లి అని తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు, అమ్మే ఎత్తనివ్వదు, మెట్ల దగ్గర ఎదురైతే మేడం అంటుంది, ఆ మాట అన్నప్పుడు కళ్లలో చిన్న నవ్వు. అమ్మ అక్కడ ఉంది కనుక ఇలా వణుకుతున్నానా? అమ్మ లేకపోతే ఏమీ ముట్టుకోకు అన్న మెసేజికి సరే సర్ అని పెట్టి ఊరుకునేదాన్నా? ఊరుకునేదాన్నేమో. ఆ ఆలోచన అంకె కంటే ఎక్కువ భయపెట్టింది. ఇరవై ఎనిమిది. ఇన్నాళ్లూ ఉన్నట్టుండి ముప్పై దాటి మోగి అంతలోనే పడిపోయేది, ఇలా మెట్టు మెట్టుగా ఎప్పుడూ ఎక్కలేదు. వారం రోజులు అబద్ధం చెప్పినది ఎనిమిదో రోజు నిజం చెప్పకూడదని ఎక్కడుంది?

"ఏమైనా ఇబ్బందా అమ్మా?" అన్నారు రమణమూర్తి గారు. ఆయన అద్దంలో తన ముఖం చూస్తున్నారు. ఏమీ లేదండీ అనాలి. నాలుక మీదికి వచ్చింది. దుర్గారావు బాబాయ్ ఒకసారి ఆమె చేతిలో ఫోను వైపు, ఒకసారి ఆమె వైపు చూసి, రోడ్డు వైపు తిరిగిపోయాడు. ముప్పై ఒకటి. ఫోన్లో సైరన్ ఎర్ర బొమ్మ నొక్కింది. తెర మీద ప్రశ్న వచ్చింది, అది తను రాసిందే, గేటు దగ్గర వాళ్లకి ఇంగ్లీషు అర్థం కాదని తెలుగులో పెట్టింది, నిజంగా మోగించాలా? ఎవరో పొరపాటున నొక్కకుండా పెట్టిన ప్రశ్న. కింద రెండు గళ్లు, అవును, వద్దు. ఎవరు అడుగుతున్నట్టు, ఎవరిని అడుగుతున్నట్టు. తెలిస్తే కదా చెప్పడానికి. తెలియదు. తెలియనప్పుడు ఏది? అవును నొక్కింది.

కెమెరాకి చెవులు లేవు. చప్పుడు లేని బొమ్మలో తెల్ల టోపీలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. లేచి, మళ్లీ వంగాయి. సూపర్‌వైజరు చెయ్యి ఊపుతున్నాడు, పని కానివ్వండి, ఊరికే అరుస్తోందది. వారం నుంచీ వింటున్నదే కదా. కదలండి, అమ్మా కదలవే, ఆశ తనకి తెలియకుండానే పైకి అన్నట్టుంది, రమణమూర్తి గారు ముందుకి వంగారు. మూడో బల్ల దగ్గర ఎడమ కాలి మనిషి చేతిలో రొయ్యని మంచు మీద పెట్టి, చేతులు గౌనుకి తుడుచుకుని, నడవడం మొదలుపెట్టింది, పక్కనావిడ చెయ్యి పట్టుకుని లాగుతూ. ఇంకొకరు. ఇంకో నలుగురు. తర్వాత ఎవరో పరుగెత్తారు, ఇక అందరూ పరుగే. పెద్ద గుమ్మం కంప్రెసర్ గది పక్కనే ఉంటుంది, అటు వెళ్లకూడదు, అమోనియా సైరన్ అయితే పడమటి తలుపు, గోడల మీద బొమ్మలు కూడా తనే వేయించింది. అందరూ పడమటికి. తెల్లగా ఒక అలలా వెళ్లి ఆ మూలకి కొట్టుకుని, అల విరగలేదు. ఆగింది. ఒకరి మీద ఒకరు, వెనక వాళ్లు ఇంకా వస్తున్నారు, ముందువాళ్ల చేతులు పైకి లేచి తలుపు మీద పడుతున్నాయి, పడుతున్నాయి.

"గురువులన్నా! పడమటి తలుపు తెరుచుకోవట్లేదు!"

"దానికి గొలుసేసి తాళమెట్టీసినారు గదమ్మా. టీలకీ ఫోన్లకీ ఆడోళ్లు అట్నించి ఎలిపోతన్నారని. తాళం సారు కాడుంది."

"పగలగొట్టు."

"ఆఁ?"

"మా అమ్మ ఉందన్నా లోన. అందరూ ఉన్నారు. పగలగొట్టు! గేటొదిలీ, నాను సెప్తన్నాను!" కారులో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, ఆఫీసులో అడుగుపెట్టిన రోజు నుంచీ వాకిట్లో విడిచి వచ్చిన పేట మాట అది. ఫోనులో పరుగు చప్పుడు, ఊపిరి, ఇనుము మీద ఇనుము, ఒకటి, మళ్లీ, మళ్లీ, గురువులు బూతులు తిడుతున్నాడు, ఎవరినో, తాళాన్నో. తెరమీద ఆ మూల ఒక టోపీ కిందికి జారి కనబడకుండా పోయింది. తర్వాత ఆ తెల్లటి మూలలో నిలువుగా ఒక వెలుగు గీత, గీత వెడల్పయింది, అల బయటికి కారిపోయింది. ముందున్న లారీ కదిలింది. దుర్గారావు బాబాయ్ గేరు వేశాడు.

వాళ్లు చేరేసరికి ప్లాంటు బయట రోడ్డంతా తెల్ల గౌన్లు, గమ్‌బూట్లు. కొందరు ఎండలో కూర్చున్నారు, కొందరు తిడుతున్నారు, ఒకావిడ నవ్వుతూనే ఏడుస్తోంది. సైరన్ ఆపేశారు. గాలిలో ఏ వాసనా లేదు. చేప వాసన తప్ప ఏ వాసనా లేదు. బాబీ సెన్సరు పెట్టె పట్టుకుని వచ్చి, మూత తీసి వంచితే, నీళ్లు చెంబుడు కారాయి. పెద్దాయన వస్తున్నారని పొద్దున్నే పైపు పెట్టి ఆ గది గోడలన్నీ కడిగించారట, వారం నుంచీ కడిగిస్తూనే ఉన్నారట. అంతే. నీళ్లు. ఆశ ఆ నీళ్ల వైపు చూసింది. హాయిగానూ లేదు, ఏడుపూ రావడం లేదు. గోడ నీడలో అమ్మ చిట్టమ్మ పిన్నిని ఒళ్లో ఆనించుకుని కూర్చుంది. పిన్ని కుడి చెయ్యి మణికట్టు దగ్గర ఉండకూడని వైపు వంగి ఉంది. తలుపుకీ జనానికీ మధ్య ఇరుక్కుందట. తను చూసిన టోపీ అదే. అమ్మ తలెత్తి చూసింది, మేడం అనలేదు. "గేసు నేదంట గదే" అంది. లేదమ్మా అంది ఆశ.

సాయిశంకర్ గారు నవ్వుతూ వచ్చారు. చొక్కా అంతా చెమట, ముఖాన నవ్వు, రెండు చేతులూ జోడించి రమణమూర్తి గారి ముందు నిలబడి, "వెల్కమ్ సర్, క్షమించాలి, మీరొచ్చే టైముకి సరిగ్గా పెట్టుకున్నాం. ఎమర్జెన్సీ డ్రిల్లు. మీరు కళ్లారా చూస్తే బాగుంటుందని" అన్నారు. అని ఆశ వైపు చూశారు. ఎంత తేలిక. ఆ ఒక్క మాటలో ఆర్డరు ఉంది, రెండో షిఫ్టు ఉంది, తన ఉద్యోగం ఉంది, తన తప్పు తప్పు కాకుండా పోతుంది, పేటలో రేపు తలెత్తుకుని నడవచ్చు. ఒక్క తల ఊపు. రమణమూర్తి గారు ఆయన వైపు చూడటం లేదు. కారులో దారి పొడుగునా అద్దంలో చూసినట్టే ఇప్పుడూ ఆమెనే చూస్తున్నారు. "డ్రిల్లేనా అమ్మా?" గొంతులో కోపం లేదు, జాలీ లేదు. దుర్గారావు బాబాయ్ కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. బాబీ పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే మాటలు ఆపేశారు, వాళ్లకి ఏ ఇంగ్లీషు ముక్కా అక్కర్లేదు, ముఖాలు చదవడం చాలు.

"కాదండీ" అంది ఆశ. మళ్లీ గట్టిగా అంది. "కాదండీ. గ్యాసు అనుకుని నేనే మోగించాను. గ్యాసు లేదు. ఆటో సైరన్ నిన్న ఆపింది కూడా నేనే. కానీ పడమటి తలుపుకి గొలుసు వేసి ఉంది. లోపల వీళ్లందరూ ఉండగా."

రమణమూర్తి గారు సంచి భుజానికి తగిలించుకున్నారు. "ఆ తలుపెటు?" అన్నారు. గురువులు చెయ్యెత్తి చూపించి ముందు నడిచాడు. సాయిశంకర్ గారు వాళ్ల వెనక వెళ్లబోతూ ఆగి, నవ్వు చెరిపేసి, ఆమెకి మాత్రమే వినపడేలా, "ఆవిడ చెయ్యి విరిగింది నీ వల్ల. గ్యాసు వల్ల కాదు, నా తాళం వల్లా కాదు. నువ్వు నొక్కావు కనుక" అన్నారు. అందులో అబద్ధం ఎంతో నిజం ఎంతో విడదీసే ఓపిక ఆ క్షణాన ఆమెకి లేదు. నొక్కింది తనే.

చిట్టమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి కారులో ఎక్కించారు. అమ్మ కూడా వస్తానని లేచి మళ్లీ ఆగింది, వెనక ఆడవాళ్లు లోపలికి వెళ్లాలా వద్దా అని గొడవ పడుతున్నారు, ఎవరో గంగాలమ్మా నువ్వు సెప్పు అంటున్నారు. "నువ్వెల్లు, నానిక్కడుంటాను. ఆ గొలుసు మా కళ్లెదుట తీసీవరకూ ఎవులం లోనకెల్లం" అని అమ్మ కారు తలుపు వేసేసింది. వెనక సీట్లో ఆశ పిన్ని పక్కన కూర్చుని, విరిగిన చేతికి తన చున్నీ మడిచి కింద పెట్టి పట్టుకుంది, గుంట వచ్చినప్పుడల్లా పిన్ని పళ్లు బిగిస్తోంది, దుర్గారావు బాబాయ్ గుంటలన్నీ తప్పించుకుంటూ కారుని వీధి వీధీ తిప్పుతున్నాడు. ఫోను మోగింది, ఆఫీసు నంబరు, ఆగిపోయింది, మళ్లీ మోగింది. ఈ చెయ్యి మళ్లీ మంచులో పెట్టగలదా, ఎన్నాళ్లకి, అంతవరకూ పిన్ని ఇంట్లో పొయ్యి ఎవరు చూస్తారు, తనే చూడాలి, చూస్తుంది, రేపటికి తనకే ఉద్యోగం ఉంటుందో లేదో, ఉండదు, ఉండకపోవచ్చు. కిటికీ బయట వర్క్‌షాపుల ముందు వెల్డింగు రవ్వలు.

"ఎవులమ్మా కూయించీనారు సైరను?" అంది చిట్టమ్మ కళ్లు మూసుకునే.

అద్దంలో దుర్గారావు బాబాయ్ కళ్లు ఒకసారి వెనక్కి వచ్చి వెళ్లాయి. "నానే పిన్నీ" అంది ఆశ.

చిట్టమ్మ నుదుటి మీద చెమట పట్టి టోపీ అంచు తడిసిపోయింది, ఆశ ఆ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. కారు రోడ్డు మలుపు తిరిగింది. నొప్పికి ముడుచుకున్న ముఖంతోనే పిన్ని కళ్లు తెరిచి ఆమె వైపు చూసింది.

"మల్లీ అలగే అనుమానమొస్తే ఏటి సేత్తావ్?"

"కూయిస్తాను" అంది ఆశ. ఆ మాట అంటుంటే కళ్లలో నీళ్లు వచ్చేశాయి.

"కూయించు" అంది చిట్టమ్మ. "ముందు తలుపు తీయించి కూయించు."